ముందు వాటి కాళ్లు చూడు, తర్వాత గూడు చూద్దువు

అమ్ములూ,

లేయర్ ఫారంలో బ్యాచ్ తీసేస్తుంటే ఎనిమిది కోళ్లని కోతకి పోనివ్వకుండా ఇంటికి తెచ్చుకున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. విన్న దగ్గర్నుంచీ నా మనసు మీ పెరట్లోనే ఉంది. మంచి పని చేశావు తల్లీ. ముచ్చటపడి కోడిపిల్లల్ని కొనుక్కునేవాళ్లు ఊరినిండా ఉన్నారు. గుడ్లు తగ్గాయని బరువుకి అమ్మేసే ముదురు పెట్టల్ని, పోనీ బతకనిద్దామని తెచ్చుకునేవాళ్లు ఎంతమంది?

నువ్వు పంపిన చెక్క గూడు ఫొటో కూడా చూశాను. ఎర్ర కప్పు, చిన్న కిటికీలు, పైకెక్కడానికి బుల్లి నిచ్చెన. ముద్దుగానే ఉంది. పది కోళ్లకి సరిపోతుందని కింద రాశారు కూడా. అది కొనకు. వద్దని ఊరికే అనడం లేదు, నిదానంగా చదువు.

గూడు సంగతి ఆలోచించే ముందు ఒక్కో కోడినీ ఒళ్లో కూర్చోబెట్టుకుని దాని కాళ్లు చూడు. గోళ్లు పొడుగ్గా పెరిగి వంకర తిరిగి ఉంటాయి. మట్టిలో గీరితేనే గోరు అరుగుతుంది, వీటికి మట్టి ఎక్కడిది? నాలుగు నెలల వయసు నుంచీ ఇనుప తీగల బోను మీదే నిలబడ్డాయి. గుడ్డు దొర్లి ముందుకి రావాలని ఆ తీగల నేలని ఏటవాలుగా కడతారు. ఆ వాలు మీదే పడుకోవాలి, ఆ వాలు మీదే లేవాలి. ఒక్కో కోడికి దక్కే చోటు మన ఏ4 కాగితమంత కూడా ఉండదు. రెక్క విప్పడానికి వీలుండదు. ఇలా దాదాపు ఏడాదిన్నర గడిచాక, గుడ్లు తగ్గాయని తీసేస్తారు.

ఎముకల సంగతి ఇంకా కష్టం. ఒక్క గుడ్డు పెంకులో రెండు గ్రాముల పైచిలుకు కాల్షియం ఉంటుంది. ఏడాదికి మూడు వందల గుడ్లు పెట్టే జాతి ఇది. దాణాలో వచ్చింది చాలనప్పుడు ఒంట్లోని ఎముకనే కరిగించి పెంకు కడుతుంది. పైగా నడక లేదు, ఎగరడం లేదు. అందుకే వాటి ఎముకలు పెళుసుగా ఉంటాయి. రెండడుగుల ఎత్తు నుంచి దూకినా కాలో రెక్కో విరగొచ్చు. నాటుకోడిని పట్టుకున్నట్టు కాళ్లు పట్టి తలకిందులుగా ఎత్తకు, మీ ఇంట్లో ఎవరినీ ఎత్తనివ్వకు. రెండు చేతులతో రెక్కలు ఒంటికి ఆన్చి, కింద అరచెయ్యి పెట్టి ఎత్తాలి.

ఇప్పుడు ఆ బుల్లి నిచ్చెన తలుచుకో. వాటికి నిచ్చెన ఎక్కడం తెలియదు. ఎక్కినా దిగేటప్పుడు పడతాయి.

నాకు బాగా గుర్తుండిపోయింది ఒకటి చెబుతాను. మా దొడ్లోకి ఇలాంటి పెట్టలు మొదటిసారి వచ్చినప్పుడు మట్టి మూకుడు నిండా నీళ్లు పెట్టాను. ఒక్కటీ దాని వంక చూడలేదు. ఎండ ఎక్కింది, నోళ్లు తెరిచాయి, అయినా చూడలేదు. వాటిలో ఒకటి గోడ దగ్గరికి వెళ్లి, తలుపు చెక్కలో మెరుస్తున్న మేకు తలని టకటకా పొడుస్తూ నిలబడింది. పొడుస్తుంది, తల పైకెత్తి మింగబోతుంది, మళ్లీ పొడుస్తుంది. ఫారంలో నీళ్లు వచ్చేది పైపుకి వేలాడే ఇనుప నిపిల్ లోంచి. మెరిసే ఇనప ముక్కని పొడిస్తే నీళ్లొస్తాయనే దానికి తెలుసు. నేను వేలు నీళ్లలో ముంచి ముక్కు మీద చుక్క పెట్టి, మెల్లగా మూకుడు దగ్గరికి తీసుకెళ్లాను. ఒకటి తాగింది, దాన్ని చూసి మిగతావీ తాగాయి. మీ ఇంట్లో అన్నీ తాగుతున్నాయో లేదో ఒక్కోదాన్నీ విడివిడిగా కనిపెట్టి చూడు. ఏదీ తెలియకుండా వచ్చిన ప్రాణాలవి. మనం పెట్టే గూడు వాటికి తెలియనిదాన్ని మెల్లగా నేర్పేలా ఉండాలి.

సరే, కొలతలు చెబుతాను. అమ్మేవాళ్లు పది కోళ్లని రాస్తే దాన్ని పట్టించుకోకుండా టేపు పెట్టి నేల కొలవాలి. ఇలాంటి కోళ్లకి లోపల ఒక్కోదానికి నాలుగు చదరపు అడుగులు ఉండాలని నా లెక్క. రాత్రి పడుకోవడానికే అయితే ఇంకా తక్కువ చాలంటారు. మన ముసుర్లలో మూడు రోజులు ఏకబిగిన లోపలే ఉండాల్సి వస్తుంది, అప్పుడు చోటు చాలకపోతే ఒకదాన్నొకటి పొడుచుకుంటాయి. నీకు ఇంతకుముందే రెండు నాటు పెట్టలున్నాయి కదా, మొత్తం పది. అంటే నలభై చదరపు అడుగులు, అయిదుకి ఎనిమిది. బయట తిరగడానికి మెష్ కట్టిన ఆవరణ కనీసం వంద చదరపు అడుగులు ఉండాలి. ఎత్తు మాత్రం కోడి కోసం కాదు, నీ కోసం. నువ్వు నిటారుగా నిలబడి పారతో గీకి తీసేలా ఆరడుగులు ఉండాలి. వంగి, పాకి, చెయ్యి దూర్చి శుభ్రం చేయాల్సిన గూటిని మొదటి నెల శ్రద్ధగా శుభ్రం చేస్తాం, రెండో నెల వాయిదా వేస్తాం. జబ్బు అప్పుడే వస్తుంది.

పల్చటి చెక్కతో చేసి పంపే గూళ్లు మన నేలకి పనికిరావు. ఒక వానాకాలం గడిస్తే ఉబ్బుతాయి, చెద పడుతుంది, తలుపు మూసుకోదు. ఆ చెక్క అతుకుల సందుల్లో పురుగు చేరితే వదిలించలేం. మీ వీధి చివర వెల్డింగ్ షాపు ఉంది కదా, అతనితో ఇనప యాంగిల్ ఫ్రేము చేయించుకో. కింద అడుగు ఎత్తున ఇటుక అరుగు కట్టించి పైన సిమెంటు నేల వేయించు. వాననీళ్లు లోపలికి రావు, పందికొక్కు కిందనుంచి తవ్వుకుని రాలేదు. అరుగు ఎక్కడానికి మూడడుగుల వెడల్పు పలక వాలుగా పెట్టి, కాలు జారకుండా అడ్డంగా బద్దలు కొట్టించు. గీతలు గీసిన సిమెంటు వాలు అయితే ఇంకా మంచిది.

మెష్ దగ్గర డబ్బు ఆదా చేయకు. ఆరు మూలల గడులుండే పల్చటి కోళ్ల మెష్ కోడిని లోపల ఆపుతుంది గాని కుక్కని బయట ఆపదు. ఊరకుక్క పళ్లతో పట్టి లాగితే గుడ్డలా చిరుగుతుంది. ముంగిస తల పట్టిన సందులో ఒళ్లంతా పట్టించేస్తుంది. అరంగుళం గడి ఉన్న వెల్డ్ మెష్ వేయించు. పాము కూడా రాదు. జెర్రిపోతూ నాగుపామూ ఎలుకలున్న చోటికే వస్తాయి. ఆవరణ మెష్‌ని నేల దగ్గర ఆపేయకుండా బయటివైపు అడుగు వెడల్పున మడిచి, పైన మట్టి కప్పి రాళ్లు పేర్పించు. తవ్వాలని వచ్చిన జంతువు కంచె మొదట్లోనే తవ్వడం మొదలుపెడుతుంది, మెష్ తగలగానే మానేస్తుంది. తలుపుకి కొక్కెం చాలదు, పైనొకటి కిందొకటి రెండు గడియలు పెట్టించు. రాత్రి దాణా గూట్లో ఉంచకు, మూత గట్టిగా ఉన్న రేకు డబ్బాలో పోసి ఇంట్లో పెట్టు. పందికొక్కులు కోడి కోసం కన్నా దాణా కోసమే ఎక్కువ వస్తాయి.

పొడుగు వైపు తూర్పు పడమరలుగా ఉండేలా కట్టించు. అప్పుడు పొద్దుటి ఎండా సాయంత్రం ఎండా చిన్న గోడల మీదే పడతాయి, పొడుగు గోడలు ఉత్తర దక్షిణాలకి ఉండి గాలి ఆడుతుంది. ఆ రెండు పొడుగు గోడలూ అడుగున్నర ఇటుక, పైనంతా మెష్. కోడి ఒంటి వేడి మామూలుగానే 41 డిగ్రీల దాకా ఉంటుంది. దానికి చెమట పట్టదు, నోరు తెరిచి రొప్పుతూ రెక్కలు ఎడంగా పెట్టి వేడి తగ్గించుకుంటుంది. రోహిణి కార్తెలో బయటి గాలే దాని ఒంటికన్నా వేడెక్కితే ఎక్కడికి పోతుంది? ఉత్త రేకు కప్పు వేస్తే ఆ గూడు మధ్యాహ్నానికి పెనమైపోతుంది. ఉత్త తాటాకు వేస్తే చల్లగా ఉంటుంది గాని ఎలుకలు గూళ్లు పెడతాయి. కింద రేకు వేయించి, దాని మీద తాటాకు గాని కొబ్బరాకు గాని మందంగా పరిచి కట్టించు, చూరు మూడడుగులు బయటికి రానివ్వు. మీ వేపచెట్టు నీడ మధ్యాహ్నం ఎటు పడుతుందో చూసి ఆ చోటు ఎంచుకుంటే సగం పని అయిపోయినట్టే. జల్లు కొట్టే వైపు గోనె పట్టాలు కట్టుకో, వాన వస్తే దించాలి, వెలిస్తే చుట్టేయాలి. రాత్రిళ్లు చలేస్తుందేమోనని అన్ని వైపులా పట్టాలు దించి బిగించకు తల్లీ. మన చలికి కోళ్లు చావవు, గాలాడక ఊపిరితిత్తులు పాడై చస్తాయి.

లోపల పడుకునే కర్ర ముఖ్యం. నాటుకోళ్లు దూలం ఎక్కి కూర్చుంటాయి, నీ ఎనిమిదీ మొదట్లో నేల మీదే ఒక మూల కుప్పగా పడుకుంటాయి. బలవంతపెట్టకు. రెండంగుళాల వెడల్పు కర్రని అంచులు నున్నగా తీయించి, నేలకి అడుగు ఎత్తులో పెట్టు. ఒక్కోదానికి తొమ్మిదంగుళాల చోటు చొప్పున పదింటికి ఏడున్నర అడుగులు, నీ ఎనిమిది అడుగుల గోడకి సరిగ్గా సరిపోతుంది. ఇనప పైపు పెట్టకు. కాలు జారుతుంది, జారి దూకినప్పుడల్లా పాదం అడుగు కందిపోయి, పుండై, లోపల గడ్డ కడుతుంది. ఆ గడ్డ మానడం చాలా కష్టం. రెండు మూడు నెలలకి కాళ్లలో సత్తువ వచ్చాక కర్రని ఇంకో అర అడుగు పెంచుకోవచ్చు.

గుడ్లు పెట్టడానికి మూడు గూళ్లు చాలు. మేస్త్రీలు వాడే పాత సిమెంటు తట్టల్లో వరిగడ్డి వేసి, చీకటిగా ఉండే మూలలో, పడుకునే కర్రకన్నా కిందుగా పెట్టు. కర్రకన్నా ఎత్తులో ఉంటే వాటిలోనే పడుకుని రెట్టలు వేస్తాయి. ఫారం కోడికి గడ్డిలో కూర్చుని గుడ్డు పెట్టడం జన్మలో తెలియదు. మొదటిసారి తట్టలోకి దిగి గడ్డి పరకలు ముక్కుతో తీసి వీపు మీద వేసుకుంటుంటే చూడు, ఎవరు నేర్పారో దానికి! నాకైతే ఆ రోజంతా సంతోషంగా ఉండేది.

నేల మీద నాలుగంగుళాల మందాన ఊక పరుచు. మన గోదావరి జిల్లాల్లో రైస్ మిల్లుకి వెళ్తే ఊకకి కొదవ లేదు. వేరుశనగ తొక్కలు దొరికినా మంచిదే. రంపపు పొట్టు వాడితే మరీ మెత్తటి దుమ్ము లేకుండా చూడు. గుప్పెడు ఊక తీసి పిండితే ముద్ద కట్టకూడదు, విప్పగానే రాలిపోవాలి. ముద్ద కడితే తడి ఎక్కువైందన్న మాట, ఆ తడి మేర తీసేసి పొడిది వెయ్యి. రోజూ పొద్దున్నే కర్ర కింద పేరుకున్న రెట్టలు తీసెయ్. కర్ర కింద పాత రేకు ముక్క పరిచి ఉంచితే రెండు నిమిషాల పని. ఆ రెట్ట పచ్చిగా మొక్కలకి వేయకు, వేర్లు మాడిపోతాయి. ఆకుల్లో కలిపి కుప్ప పోసి మగ్గనిచ్చి వేస్తే మీ కొబ్బరిచెట్లకి అంతకన్నా మంచి ఎరువు లేదు. వారానికోసారి ఊకంతా తిరగేసి, మూడు నాలుగు నెలలకోసారి మొత్తం తీసేసి, నేలకీ గోడలకీ సున్నం కొట్టించు. గూడు శుభ్రంగా ఉందో లేదో నిలబడి చూస్తే తెలియదమ్మా. లోపలికి వెళ్లి, కోడి తల ఎంత ఎత్తులో ఉంటుందో అంత కిందికి కూర్చుని ఊపిరి పీల్చు. కళ్లు మండినా, ముక్కు చిరచిరలాడినా ఆ ఘాటులో అవి రాత్రంతా పడుకుంటున్నాయని అర్థం.

ఇంకొక పని రాత్రి పూట చేయాలి. పగలు కోడి ఒంటి మీద ఏమీ కనిపించకపోయినా, కర్ర చివర్లలో, సందుల్లో దాక్కుని రాత్రి వచ్చి రక్తం పీల్చే చిన్న పురుగులుంటాయి. నెలకి రెండుసార్లు చీకటి పడ్డాక టార్చి, తెల్లగుడ్డ ముక్క తీసుకెళ్లి కర్ర అడుగు భాగం తుడువు. గుడ్డకి ఎర్రటి చార అంటితే అవి చేరాయన్న మాట. కర్రని బయటికి తీసి సందుల్లో మరిగే నీళ్లు పొయ్యి, ఎండలో పడేయ్, పశువుల డాక్టరుగారిని అడిగి మందు కొట్టించు. అందుకే కర్రని మేకులతో బిగించకుండా, తీసి పెట్టేలా చేయించమంటాను. కిరసనాయిలు పూయమని ఎవరైనా చెబితే వినకు. ఆ ఘాటుని వీటి చర్మం తట్టుకోలేదు. ఆవరణలో వాన పడని మూల ఒక గుంట తవ్వి, ఇసకా పొయ్యి బూడిదా కలిపి పోసి ఉంచు. వాటంతట అవే పొర్లి ఒళ్లు దులుపుకుంటాయి.

నీ రెండు నాటు పెట్టల్ని మాత్రం నెల రోజులు వీటి దగ్గరికి రానివ్వకు. పాత పశువుల సావిట్లో ఒక మూల తడిక కట్టి కొత్తవాటిని అక్కడ ఉంచు, గూడు తయారయ్యేసరికి ఆ నెల గడిచిపోతుంది. ముందు నాటుకోళ్లకి మేత వేసి, తర్వాత వీటి దగ్గరికి వెళ్లు, వచ్చాక చేతులు కాళ్లు కడుక్కో. చెప్పులు వేరుగా పెట్టుకో. 2025 ఫిబ్రవరిలో కానూరు అగ్రహారం, వేల్పూరు ఫారాల్లో బర్డ్ ఫ్లూ బయటపడి, చుట్టూ కిలోమీటరు మేర కోళ్లని చంపి పూడ్చాల్సి వచ్చిన రోజులు నువ్వూ చూశావు. పెరటి కోళ్లని కూడా వదల్లేదు. కొక్కెర తెగులుకి టీకా ఎప్పుడు వేయించాలో మీ పశువుల ఆసుపత్రిలో ఇప్పుడే అడుగు. ఒకేసారి రెండు మూడు కోళ్లు చనిపోతే వాటిని చెరువు గట్టున పారేయకుండా వెంటనే వాళ్లకి చెప్పు.

గూట్లోకి మార్చాక నాలుగైదు రోజులు తలుపు తీయకు. ఇదే మన ఇల్లు అని వాటి మనసులో పడాలి. తర్వాత కూడా పొద్దుగూకితే లోపలికి వెళ్లాలని వాటికి తోచదు, ఎక్కడ నిలబడ్డవి అక్కడే కూలబడతాయి. కొన్నాళ్లపాటు ఒక్కోదాన్నీ ఎత్తి కర్ర పక్కన దింపాలి. మీ ఆయనకి డ్యూటీ నుంచి రావడం ఆలస్యమైతే మీ అత్తగారి సాయం అడుగు, ఆవిడకి కోళ్లంటే ఇష్టమేనని మీ అమ్మ అంది. రాత్రి లైటు వేసి ఉంచొద్దు. ఫారంలో గుడ్ల కోసం పదహారు గంటలు వెలుతురు పెట్టి ఉంటారు. ఇక్కడ చీకటి పడితే పడనీ. ఈకలు రాల్చుకుని గుడ్లు మానేస్తాయి, చూడ్డానికి దీనంగా ఉంటాయి, కంగారుపడకు. అది వాటికి దొరికిన మొదటి సెలవు. కొత్త ఈక రావడానికి మాంసకృత్తులు కావాలి, అప్పుడు దాణా తగ్గించకు.

మేతకి లోతైన పళ్లేలు పెట్టు. ముక్కు కొన కత్తిరించి ఉంటుంది కాబట్టి నేల మీద చల్లిన నూకలు ఏరుకోలేవు. మొదట్లో ఫారంలో తిన్న లేయర్ మ్యాష్ కొని పెట్టు, దాన్ని కొద్దిగా తడిపి పెడితే ఇష్టంగా తింటాయి. నూకలు, జొన్నలు, తోటకూర మెల్లగా కలుపుకుంటూ రావాలి. ఆల్చిప్పల పొడి విడిగా ఒక గిన్నెలో ఎప్పుడూ ఉండాలి, కావలసినవే తింటాయి.

ఒక మాట చెప్పడానికి నాకు మనసొప్పడం లేదు, అయినా చెప్పాలి. ఎంత బాగా చూసినా వీటిలో కొన్ని ఏడాది, రెండేళ్లకన్నా ఉండవు. ఆ గుడ్ల భారం ఒంట్లోనే ఉంటుంది. తోక దించి, నిలువుగా నిలబడి, మేతకి రాకుండా ఒక మూల చేరిన కోడి కనిపిస్తే గుడ్డు అడ్డం పడిందేమో, కడుపులో పగిలిందేమో అని అనుమానించు. ఆ రోజే డాక్టరుగారికి చూపించు, రేపటిదాకా ఆగొద్దు. ఏదైనా పోతే నీ పెంపకం తప్పని అనుకోకు.

కనుమకి మీవాళ్లంతా వస్తారు కదా. ఇవి కోతకి కాదని పండక్కి ముందే అందరికీ చెప్పు, ముఖ్యంగా మీ మావగారికి. ఆయన పెద్దమనిషి, ముందుగా చెబితే మాట మన్నిస్తారు, ఆ రోజు పొద్దున్న చెబితే నొచ్చుకుంటారు.

వెల్డింగ్ అతనికి అడ్వాన్సు ఇచ్చే ముందు కొలతలు కాగితం మీద వేసి నాకు ఫొటో పంపు. తలుపు వెడల్పు రెండున్నర అడుగులు తగ్గనివ్వకు, ఊక బస్తా పట్టాలి. మిగిలిన మెష్ ముక్కలు అతనికి వదిలేయకుండా ఇంటికి తెచ్చుకో, ఎప్పుడో ఒక మూల చిల్లు పడితే అవే అవసరమవుతాయి.

నీ పెద్దమ్మ